ముందున్న పని, ఆ తర్వాతి పని

బ్యాంకులో క్లర్కు నుంచి ఆఫీసరు ప్రమోషన్‌కి సర్క్యులర్ వచ్చిన రోజు ఏ బ్రాంచికి వెళ్లినా లంచ్ టైములో ఒకే రకం మాటలు వినిపిస్తాయి. "తీసుకుంటే ఎక్కడికి వేస్తారో ఏమో!" "పాప టెన్త్‌లో ఉంది, ఈ ఏడు కదలలేమండీ." "జీతంలో ఏమంత తేడా ఉందని, ఎందుకొచ్చిన తలనొప్పి?" ఇవి సాకులు కావు, నిజమైన కారణాలే. ఇల్లు, పిల్లల చదువు, పెద్దవాళ్ల ఆరోగ్యం చూసుకుని ఉన్నచోటే ఉండిపోవాలనుకున్న మనిషిని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు.

కానీ చాలామందిలో వీటన్నిటి అడుగున, పైకి అనని కారణం ఇంకొకటి ఉంటుంది. నా వల్ల అవుతుందా? పదిమందిని నడిపించడం, సంతకం పెట్టి దానికి జవాబు చెప్పుకోవడం, పని చెడితే ముందు నిలబడి మాట పడటం, ఇదంతా చేయగలిగే మనిషినేనా నేను? ఇన్నేళ్లు ఒకరు చెప్పింది చేస్తూ వచ్చినవాణ్ని, ఇప్పుడు నేను చెబితే ఎవరు వింటారు?

ఈ అధ్యాయం ఆ ప్రశ్న కోసం. బ్యాంకు వాళ్లకే కాదు, ఆఫీసుల్లో, బళ్లలో, ఆసుపత్రుల్లో, కార్ఖానాల్లో కింది కుర్చీలో కూర్చుని పై కుర్చీ వైపు భయంగా చూసే ప్రతి ఒక్కరికీ ఇది పనికొస్తుంది. సమాధానంగా ఒక బ్యాంకు క్లర్కు జీవితం చెబుతాను. అతని పేరు రూపర్ట్ మూన్.

లెడ్జరు ముందు కుర్రాడు

మూన్ 1892 ఆగస్టు 14న ఆస్ట్రేలియాలో, విక్టోరియా రాష్ట్రంలోని బాకస్ మార్ష్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. తండ్రి కూడా బ్యాంకు ఉద్యోగే. కొడుకు పదహారేళ్ల వయసులో బడి వదిలి నేషనల్ బ్యాంకులో క్లర్కుగా చేరాడు.

అప్పట్లో బ్యాంకు పని అంటే చేత్తో రాసే పని. జమ, ఖర్చు, వడ్డీ, బ్యాలెన్సు, అన్నీ కలంతో ఎక్కాల్సిందే. మన దగ్గర కూడా కంప్యూటర్లు రాకముందు ఉద్యోగం చేసినవాళ్లకు ఆ బతుకు తెలుసు. సాయంత్రం క్యాషుకీ పుస్తకానికీ తేడా వస్తే, ఆ తేడా పది పైసలైనా సరే, దొరికేదాకా ఎవరూ ఇంటికి వెళ్లేవారు కాదు. పొద్దుటి నుంచి వచ్చిన వోచర్లన్నీ మళ్లీ ఒక్కొక్కటే తిరగేసేవారు. ఒకరు అంకె చదివితే ఒకరు టిక్కు పెట్టేవారు. ఎక్కడో 69కి బదులు 96 పడి ఉండేది. అది దొరికాక లెడ్జరు మూసి, దీపం ఆర్పి, తాళం వేసేవారు.

ఇలాంటి పనిలో వీరత్వం ఎవరికీ కనిపించదు. అయినా ఆ పని మనిషికి ఒకటి నేర్పుతుంది. మొత్తం పుస్తకం ఒకేసారి సరిపోదు. ఒక పేజీ సరిచూసి, తర్వాతి పేజీకి వెళ్లాలి. కంగారుపడితే తప్పు దొరక్కపోగా కొత్త తప్పు పుడుతుంది. ఈ అలవాటే మూన్‌ను తర్వాత వచ్చిన మొదటి ప్రపంచ యుద్ధంలో నిలబెట్టిందని నేను రుజువు చేయలేను. కానీ అతని జీవితంలో తర్వాత జరిగినదంతా ఇదే పద్ధతిలో నడిచింది, చూడండి.

ఒక్కసారిగా ఆఫీసరు కాలేదు

1914 ఆగస్టు 4న బ్రిటన్ జర్మనీ మీద యుద్ధం ప్రకటించింది. బ్రిటిష్ సామ్రాజ్యంలో భాగమైన ఆస్ట్రేలియా కూడా అందులోకి దిగింది. అదే నెల 21న, ఇరవై రెండో పుట్టినరోజు దాటిన వారానికి, మూన్ సైన్యంలో చేరాడు. అతనికి ఇది పూర్తిగా కొత్త కాదు. బ్యాంకు ఉద్యోగం చేస్తూనే పార్ట్‌టైమ్ సైనిక దళంలో శిక్షణ తీసుకుని ఉన్నాడు. అయినా అతను ఆఫీసరుగా చేరలేదు. 4వ లైట్ హార్స్ రెజిమెంట్‌లో ట్రంపెటర్‌గా, అంటే బూర ఊది సైనికులకు సంకేతాలిచ్చే పనిలో చేరాడు.

1915 మేలో ఆ రెజిమెంట్‌ను టర్కీలోని గల్లిపోలీకి పంపారు. గుర్రపు దళమే అయినా గుర్రాలు లేకుండా, కాలిబంటుల్లా కందకాల్లోకి దింపారు. కొండవాలు, దాహం, ఈగలు, విరేచనాల జబ్బు, ఎప్పుడు ఎటు నుంచి వస్తుందో తెలియని తూటా. అదే ఏడు డిసెంబరులో సైన్యం అక్కణ్నుంచి వెనక్కి వచ్చేసింది. ఆ నెలలన్నీ మూన్ మామూలు సైనికుడే. తర్వాత కార్పొరల్ అయ్యాడు, కొద్దిమందికి పని చెప్పే స్థాయి అది. 1916లో ఫ్రాన్స్ చేరాడు. ఆ సెప్టెంబరులో సెకండ్ లెఫ్టినెంట్‌గా ఆఫీసరు హోదా ఇచ్చి అతన్ని 58వ బెటాలియన్‌లో వేశారు. ఆ బెటాలియన్ ఉన్న 5వ డివిజన్ రెండు నెలల ముందు, జులై 19న, ఫ్రొమెల్ దగ్గర ఒక్క రాత్రి పోరులో 5,500 మందికి పైగా సైనికులను పోగొట్టుకుంది. చనిపోయినవారు, గాయపడినవారు, పట్టుబడినవారు అందరూ కలిపి అంతమంది. మూన్ చేరింది అలాంటి దెబ్బ తిన్న మనుషుల మధ్యకి. 1917 ఏప్రిల్లో లెఫ్టినెంట్ అయ్యాడు.

ఇక్కడ ఆగి లెక్క చూడండి. ట్రంపెటర్‌గా చేరిన మనిషి ఆఫీసరు కావడానికి రెండేళ్లు పట్టింది. ఈ రెండేళ్లలో ప్రతి మెట్టూ అంతకుముందు మెట్టు కన్నా కొంచెమే ఎత్తు. ఊదడం, కాపలా కాయడం, తర్వాత కొద్దిమందికి పని పంచడం, ఆ తర్వాత ఒక దళాన్ని నడపడం. మనలో భయం పుట్టేది కింది మెట్టు మీద నిలబడి నాలుగో మెట్టు వైపు చూసినప్పుడు. ఇవాళ మీరున్న చోట నుంచి మేనేజర్ కుర్చీని చూస్తే భయం వేయడం సహజం. మీరు చూడాల్సింది మీ కాలికి అందే తర్వాతి మెట్టును.

1917 మే 12

ఉత్తర ఫ్రాన్సులో అరాస్ పట్టణానికి దగ్గర్లో బుల్లెకూర్ అనే పల్లె ఉంది. జర్మన్లు కట్టుకున్న హిండెన్‌బర్గ్ రక్షణ రేఖ ఆ పల్లె మీదుగా వెళ్లేది. 1917 ఏప్రిల్ 11న ఆస్ట్రేలియన్ దళాలు ట్యాంకుల సాయంతో అక్కడ దాడి చేశాయి. ట్యాంకులు మొరాయించాయి, దాడి విఫలమైంది. మే 3న మళ్లీ మొదలుపెట్టారు. రెండు వారాలు సాగిన ఆ రెండో పోరులో మే 12న 58వ బెటాలియన్ వంతు వచ్చింది. పక్కన బ్రిటిష్ 7వ డివిజన్ పల్లె మీదికి వెళ్తుంటే, దాని కుడివైపున వీళ్లు ముందుకు పోవాలి.

మూన్‌కి అప్పజెప్పిన పనిని మూడు భాగాలుగా చెప్పారు. ఒకటి, శత్రువు కందకానికి ముందున్న స్థావరాన్ని పట్టుకోవాలి. రెండు, అక్కణ్నుంచి కందకాన్ని పట్టుకోవాలి. మూడు, మిగతా దళాలతో కలిసి దాని వెనక ఉన్న బలమైన స్థావరం మీదికి వెళ్లాలి.

మొదటి స్థావరం వైపు వెళ్తుండగానే అతనికి గాయమైంది. ఆగకుండా వెళ్లి దాన్ని పట్టుకున్నాడు. కందకం మీదికి తన మనుషులను తీసుకెళ్తుండగా రెండోసారి గట్టి దెబ్బ తగిలి కాసేపు కదల్లేకపోయాడు. కదల్లేని స్థితిలోనే మనుషులకు ధైర్యం చెబుతూ, ముందుకు పొమ్మని పురమాయిస్తూ వచ్చాడు. కందకం చేతికొచ్చింది. అప్పటికి అతని దళం బాగా పల్చబడింది. మిగిలిన కొద్దిమందితోనే మూడో పనికి వెళ్లాడు. అక్కడ మూడో గాయం. అయినా దాడి నెగ్గింది. ఇన్ని దెబ్బలు తగిలినా ఇంటికి పంపేంత దెబ్బ ఒక్కటీ కాలేదని తోటివాళ్లతో సరదాగా అన్నాడని చెబుతారు. 180 మందికి పైగా జర్మన్ సైనికులు పట్టుబడ్డారు.

పట్టుకున్న చోటును పటిష్ఠం చేసుకుంటుండగా నాలుగో గాయమైంది, ఈసారి ముఖానికి తూటా తగిలి దవడ విరిగింది. అప్పుడు గానీ వెనక్కి వెళ్లడానికి ఒప్పుకోలేదు.

ఆ పనికి అతనికి విక్టోరియా క్రాస్ ఇచ్చారు. బ్రిటిష్ సామ్రాజ్యంలో యుద్ధంలో చూపిన సాహసానికి ఇచ్చే అతి పెద్ద పతకం అది. లండన్‌లోని బకింగ్‌హామ్ రాజభవనంలో ఐదో జార్జి రాజు చేతుల మీదుగా దాన్ని అందుకున్నాడు.

ఒక మాట స్పష్టంగా చెప్పుకుందాం. బుల్లెకూర్ రెండో పోరులో ఏడువేల మందికి పైగా ఆస్ట్రేలియన్లు చనిపోయారు లేదా గాయపడ్డారు. గెలిచాక మిగిలింది శిథిలమైన ఒక పల్లె. అవతలి కందకంలో ఉన్నవాళ్లూ ఏదో ఊళ్లో ఎవరికో బిడ్డలే. యుద్ధం గొప్పదని చెప్పడానికి ఈ కథ చెప్పడం లేదు. తాను చేయగలనని ఎప్పుడూ ఊహించని పని మీద పడినప్పుడు ఒక మామూలు గుమాస్తా దాన్ని ఎలా చేశాడో మనం నేర్చుకోవాలి. అందుకే చెబుతున్నాను.

ఆ రోజు నుంచి మనం తీసుకోవాల్సినవి

మొదటిది. బుల్లెకూర్‌ను గెలవమని మూన్‌ను ఎవరూ అడగలేదు. ముందు ఆ స్థావరం పట్టుకో అన్నారు. మనం కొత్త బాధ్యత ముందు కూలబడిపోయేది ఎక్కువగా దాన్ని మొత్తంగా మోయాలని చూసినప్పుడే. "బ్రాంచి నడపాలి" అనుకుంటే రాత్రి నిద్ర పట్టదు. "రేపు పదింటికల్లా క్యాషు తీయించాలి, ఆగిపోయిన మూడు లోన్ ఫైళ్లు చూడాలి, ఫలానా కస్టమర్‌కి ఫోన్ చేయాలి" అనుకుంటే చేయి పనిలోకి వెళ్తుంది. పెద్ద పనికి ధైర్యం కావాలనుకుంటాం. నిజానికి ముందు కావలసింది విభజన. ధైర్యం దాని వెంట వస్తుంది.

రెండోది. కదల్లేని స్థితిలో కూడా మూన్ నాయకుడిగానే ఉన్నాడు. చేయగలిగింది కొంచెమే అయినా ఆ కొంచెం ఆపలేదు. మీ జీవితంలో కూడా అలాంటి రోజులు వస్తాయి. ఒంట్లో బాగుండదు, ఇంట్లో కష్టం ఉంటుంది, పరీక్ష తప్పుతారు, పై అధికారి దగ్గర మాట పడతారు. పూర్తి బలంతో పని చేయలేని ఆ రోజున ఉన్న బలంతో ఏం చేయగలరో చూడండి. పక్క కుర్చీలో కొత్తగా చేరిన కుర్రాడికి ఒక పద్ధతి చెప్పగలరేమో. ఇద్దరి మధ్య గొడవను ఒక మాటతో ఆపగలరేమో. నాయకత్వంలో సగం ఇదే.

మూడోది చాలామంది గమనించరు. నాలుగో గాయం దాడి నెగ్గాక అయింది, పట్టుకున్న చోటును సర్దుకునేటప్పుడు. గెలిచాక చేయాల్సిన పని కూడా అంతే ప్రమాదకరం. ప్రమోషన్ పరీక్ష పాసైన మర్నాడు, కొత్త కుర్చీలో కూర్చున్న మొదటి నెలలో మనుషులు జారిపోతారు. గెలిచేశాం కదా అని ఊపిరి వదులుతారు. లోన్ మంజూరు చేసిన ఆఫీసరు డాక్యుమెంట్లు సరిచూడకపోతే మంజూరు చేసిన సంతోషం మూడు నెలలకే కరిగిపోతుంది. చేజిక్కించుకున్న దాన్ని నిలబెట్టుకోవడానికి కూడా ముందే టైము పక్కన పెట్టుకోండి.

నాలుగోది అనుకరించకూడనిది. నాలుగు గాయాలయ్యేదాకా ఆగకుండా వెళ్లడం యుద్ధభూమి అవసరం. మనకు ఆ అవసరం లేదు. జ్వరంతో ఆఫీసుకు రావడం, ఛాతీలో నొప్పి వస్తుంటే "మార్చి క్లోజింగ్ అయ్యాక చూద్దాం" అనడం సాహసం అనిపించుకోదు. దాని మూల్యం ఇంటివాళ్లు చెల్లిస్తారు. మూన్ కూడా చివరికి పనిని ఇంకొకరికి వదిలి వైద్యానికి వెళ్లాడు. మీ హద్దు ఎక్కడో తెలిసి ఉండటం కూడా బాధ్యతలో భాగమే.

పతకం తర్వాత

మూన్ జీవితంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది తర్వాతి భాగం. గాయాల నుంచి కోలుకుని 1918లో మళ్లీ తన బెటాలియన్‌లో చేరాడు. యుద్ధం ముగిశాక 1919లో స్వదేశం చేరాడు. విక్టోరియా క్రాస్‌తో పేరు తెచ్చుకున్న మనిషి. ఆ పేరు చెప్పుకుని బతికేయవచ్చు. కానీ అతను తిరిగి బ్యాంకు ఉద్యోగానికే వెళ్లాడు. కొన్నాళ్లకు జీలాంగ్ పట్టణంలోని డెన్నిస్ లాసెల్స్ అనే ఉన్ని వ్యాపార సంస్థలో అకౌంటెంట్‌గా చేరాడు. అక్కడా మెట్లు ఎక్కుతూ జనరల్ మేనేజర్ అయ్యాడు. 1986 ఫిబ్రవరిలో తొంభై మూడేళ్ల వయసులో చనిపోయాడు.

ఇరవై నాలుగేళ్లకే విక్టోరియా క్రాస్ అందుకున్న మనిషి ఆ తర్వాత దాదాపు డెబ్బై ఏళ్లు బతికాడు. అతని పేరు చెప్పగానే జనానికి గుర్తొచ్చేది ఒక్క రోజే. ఆ మిగతా ఏళ్లను నిలబెట్టింది మాత్రం పతకం కాదు, లెక్కలు, మార్కెట్టు, మనుషులు తెలిసిన ఉద్యోగి అన్న పేరు. పెద్ద గెలుపు తర్వాత చిన్న పనికి సిగ్గుపడకుండా తిరిగి రావడం అందరికీ చేతకాదు. సివిల్స్ ఇంటర్వ్యూ దాకా వెళ్లొచ్చి క్లర్కు ఉద్యోగంలో చేరిన పిల్లలు మన మధ్య ఎందరో ఉన్నారు. విదేశంలో మంచి ఉద్యోగం పోయి, సొంతూరికి వచ్చి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టినవాళ్లూ ఉన్నారు. మీరు ఆ వరుసలో ఉంటే తల వంచుకోవద్దు. నిన్న ఎంత ఎత్తున నిలబడ్డామన్నది ఇవాళ్టి పనిని తక్కువ చేయదు.

ఆచరణలో పెట్టండి

చదివి పక్కన పెడితే ఈ అధ్యాయం వల్ల ప్రయోజనం లేదు. కింది నాలుగు పనులు ఒక్కొక్కటిగా మొదలుపెట్టండి.

1. మూడు గీతలు గీయండి. మీరు భయపడుతున్న బాధ్యతను ఒక కాగితం పైన రాయండి. దాని కింద మూడే మజిలీలు రాయండి. ఉదాహరణకు ప్రమోషన్ కావాలనుకునే బ్యాంకు క్లర్కు ఇలా రాసుకోవచ్చు. మొదటి గీత: జేఏఐఐబీ అనే బ్యాంకింగ్ వృత్తి పరీక్షలో నాలుగు పేపర్లు పాసవడం. రెండో గీత: ఆరు నెలల పాటు రోజూ అరగంట లోన్ సెక్షన్‌లో కూర్చుని ఒక ఫైలు దరఖాస్తు నుంచి మంజూరు దాకా ఎలా వెళ్తుందో చూడటం. మూడో గీత: ప్రమోషన్ పరీక్ష రాయడం. మొదటి గీత దాటేదాకా మూడో గీత గురించి ఎవరితోనూ చర్చ పెట్టుకోవద్దు. చర్చలోనే బలం ఖర్చయిపోతుంది.

2. ఒక్క మెట్టు పై పని అడిగి తీసుకోండి. హోదా రాకముందే ఆ హోదాకు చెందిన చిన్న పని చేసి చూడండి. ఆఫీసరు సెలవులో ఉన్నప్పుడు ఆ సీటు చూసే అవకాశం వస్తే తప్పుకోవద్దు. క్యాషు తాళాల్లో ఒకటి మీ దగ్గర ఉంచుతామంటే భయపడకండి, నిబంధన ఒకసారి చదువుకుని తీసుకోండి. ఆ తాళంచెవి జేబులో ఉన్న రోజు మీ నడక మారుతుంది. బ్యాంకు వెలుపల ఉన్నవాళ్లూ ఇదే చేయవచ్చు. టీచరైతే పరీక్షల ఏర్పాటు బాధ్యత, నర్సైతే ఒక షిఫ్ట్ డ్యూటీ చార్టు, కార్మికుడైతే కొత్తవాళ్లకు యంత్రం నేర్పే పని అడగండి.

3. రోజు ముగిసేముందు లెక్క చూసుకోండి. ఇంటికి బయలుదేరేముందు పది నిమిషాలు చాలు. ఇవాళ అనుకున్నవి ఏవి, పూర్తయినవి ఏవి, తేడా ఎక్కడ వచ్చింది? తేడా దొరికితే దానికి కారణం ఒక్క వాక్యంలో రాయండి. మిమ్మల్ని మీరు తిట్టుకోవడానికి ఇది కాదు. క్యాషు తగ్గితే పెట్టెను తిట్టుకోరు, వోచరు వెతుకుతారు. అదే దృష్టితో మీ రోజును చూడండి.

4. ఆగే చోటు ముందే రాసుకోండి. ఏ పరిస్థితి వస్తే పని పక్కన పెట్టి సెలవు తీసుకుంటారో, ఎవరికి అప్పజెబుతారో ఇప్పుడే తేల్చుకోండి. ఆ మనిషికి మీ పనిలో కనీసం సగం తెలిసి ఉండేలా చూసుకోండి. మీరు లేని రోజున ఆగిపోయే సెక్షన్‌ను చూసి గొప్పగా అనుకోవద్దు. మీరు లేకపోయినా నడిచే సెక్షన్‌ను తయారుచేస్తే అదే మీ ప్రతిభ.

ఈ నాలుగూ చేశాక కూడా "నేనున్నచోటే ఉంటాను" అని మీరు నిర్ణయించుకోవచ్చు. తల్లిదండ్రులను వదిలి వెళ్లలేక, పిల్లల చదువు చెడగొట్టలేక, చేసే పనిలో తృప్తి ఉండి ఆగిపోతే అది గౌరవించాల్సిన నిర్ణయం. మంచి క్లర్కు ఉన్న బ్రాంచిలో పెన్షన్ కోసం వచ్చిన ముసలమ్మకు దొరికే మర్యాద ఏ ఆఫీసరు సంతకమూ తీసుకురాలేదు. నేను కోరేది ఒక్కటే. ఆ నిర్ణయం మీ కుటుంబం కోసం, మీ ఇష్టం కోసం తీసుకోండి. "నాకు అంత స్తోమత లేదు" అన్న నమ్మకం మీద మాత్రం తీసుకోకండి, ఎందుకంటే ఆ మాట నిజమో కాదో మీరింకా పరీక్షించి చూడలేదు.

స్తోమత పుట్టుకతో వచ్చి ఒంట్లో కూర్చుని ఉండదు. ఒక పని చేయడం వల్ల తర్వాతి పనికి కావలసినంత మేరకే అది తయారవుతుంది. బూర ఊదడానికి చేరిన మూన్ లెఫ్టినెంట్ దాకా వెళ్లింది అలాగే, అకౌంటెంట్‌గా చేరిన మూన్ జనరల్ మేనేజర్ దాకా వెళ్లిందీ అలాగే. మొదటిదానికి మూడేళ్లు కూడా పట్టలేదు, రెండోదానికి మాత్రం చాలా ఏళ్లు పట్టింది. మీకు ఎన్నేళ్లు పట్టినా ఫర్వాలేదు. కాగితం తీసి మొదటి గీత రాయండి, ఆ గీత వైపు తీసుకెళ్లే ఒక పని ఈ వారంలోనే పూర్తిచేయండి.